ముగ్గురు తాతలు, ఒక మూకుడు

మా అన్న సుందరయ్య క్రిస్మస్ తాత వేషం వేసుకుని గంతేస్తే మెట్రో పిల్లర్లు ఊగేవి. ఇందులో అబద్ధం లేదు. ఒక ఏడు ఎల్బీనగర్ స్టేషన్ కింద వేసిన గంతుకు నెత్తి మీది ఎర్ర టోపీ ఎగిరి, పైన పోతున్న రైల్లో పడింది. మియాపూర్ దాకా వెళ్ళి, మర్నాడు పొద్దున అదే రైల్లో తిరిగొచ్చింది. టికెట్ లేకుండా.

నా పేరు సైదమ్మ. మా అమ్మ జాన్‌పహాడ్ దర్గాలో మొక్కుకుంటే పుట్టానని ఆ పేరు పెట్టింది. తర్వాత బాప్తిస్మంలో సలోమి అన్నారు గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే నేను కూడా వెనక్కి తిరిగి ఎవరా అని చూస్తాను. కొత్తపేట రైతుబజార్ గేటు ముందు కొత్తిమీర, పుదీనా అమ్ముతాను. బడి మొహం చూడలేదు. చూసి ఉంటే నా మాటలు వినలేక బడే ఊరు మారిపోయేది.

అన్న ఇళ్ళకు రంగులు వేసేవాడు. మా వదిన ఎస్తేరమ్మ పాత కిటికీ కర్టెన్ కత్తిరించి అతనికి తాత అంగీ కుట్టింది. ప్లాస్టిక్ మాస్కు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్నది. ఏటా డిసెంబర్ ఇరవై మూడున చర్చి పిల్లలు డప్పు కొడుతూ వస్తే, మొదటి గంతు సొంత గుమ్మం ముందే. వదిన తలుపు సగం మూసి, ఎవరో తెలియనట్టు నిలబడేది.

"ఎవలయ్యా నువ్వు? ఏడికెల్లి ఒచ్చినవ్?"

"మంచు కొండలకెల్లి తల్లీ. సూర్యాపేట మీదికెల్లి ఒచ్చిన."

"మా ఇంట్ల ఒక ముసలోడు ఉండనే ఉన్నడు. ఇంకొకడు ఒద్దు, పో."

"గా ముసలోనికన్న నేను మంచిగ ఎగుర్త."

"ఎగురు మరి, చూస్త."

అతను ఎగిరేవాడు. ఆమె తప్పులు పట్టేది. నడుము ఏదని అడిగేది, కాలు ఇంకా లేవాలనేది. చివరకు దయతలచి, ఆ పూట మూకుడులోంచి తీసిన మొదటి గరిజెను, అంటే చక్కెర, రవ్వ కూరిన కజ్జికాయను, మాస్కు నోటి సందులోంచి పెట్టేది. సగం నోట్లోకి, సగం గడ్డంలోకి పోయేది. ఒక ఏడు గడ్డం దులపకుండా పెట్టెలో పెడితే, చీమలు దాన్ని మోసుకుంటూ గుమ్మం దాకా తెచ్చాయి. నేను వెంటపడి లాక్కోకపోతే ఎల్బీనగర్ చౌరస్తా దాటించేసేవి.

ముప్పై ఒక్క ఏళ్ళు ఇలాగే నడిచింది. మొన్న ఈస్టర్ అయిన మూడో రోజున అన్న టీ తాగుతూ, కప్పు కింద పెట్టకుండానే వెళ్ళిపోయాడు.

డిసెంబర్ వచ్చింది. సందులో అందరి ఇళ్ళ మీదా స్టార్లు వెలిగాయి. మా వదిన ఇంటి మీద మాత్రం చీకటి. నేను పుదీనా కట్టతో వెళ్ళి తలుపు దగ్గర కూర్చున్నాను.

"స్టార్ ఎప్పుడు కడ్తవ్ వదినె?"

"కట్ట," అని తల అడ్డంగా ఊపింది.

"గరిజెలకు రవ్వ తెచ్చినవా?"

"ఈ యేడు మూకుడు పొయ్యి మీద పెట్ట సైదమ్మా. చావైన ఇంట్ల నూనె కాగొద్దంటరు."

"గది మనోళ్ళ మాట కాదు, మందిది."

"ఎవలదైతేంది. ఇరవై నాలుగు పొద్దున తాళమేసి నకిరేకల్ పోత. మా చెల్లె రమ్మన్నది."

మంచం కింద సంచి అప్పుడే సర్ది పెట్టి ఉంది. జిప్పు కూడా వేసి ఉంది. ఈ తలుపుకు ఒక్క క్రిస్మస్ తాళం పడితే రెండో ఏడు ఇంకా సులువుగా పడుతుంది. మూడో ఏడు దాన్ని తియ్యాలని కూడా ఎవరికీ తోచదు. అన్న పోయాడు, సరే. అన్న గుమ్మం కూడా పోతే నేను ఎక్కడ కూర్చుని అబద్ధాలు చెప్పాలి?

ఆ గుమ్మం ముందుకు ఎలాగైనా ఒక తాతను తేవాలని అనుకున్నాను. తాత వస్తే ఆమె తలుపు తీస్తుంది. తీస్తే తప్పులు పట్టకుండా ఉండలేదు. తప్పులు పట్టడం మొదలైతే మిగతాది అదే నడుస్తుంది.

ముందు మా అల్లుడు ఆనంద్ కుమార్ దగ్గరకు వెళ్ళాను. అన్న కొడుకు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ అడ్మిషన్ల కౌంటర్‌లో కూర్చుంటాడు. తన పెళ్ళి బరాత్‌లోనే చేతులు కట్టుకుని నిలబడ్డవాడు.

"అల్లుడా, రాత్రి మీ నాయిన నా కలలకు ఒచ్చిండు. ఈ యేడు తాత వేషం నా కొడుకే వెయ్యాలె, ఇంకెవలు వెయ్యొద్దన్నడు."

"ఏందత్తా గిది! నేను డాన్స్ చేసుడేంది? సెంటర్ల పిల్లలు చూస్తే ఇజ్జత్ ఉంటదా?"

"మాస్కు ఉంటది గద."

"నేను చెయ్య. జర పోనీ నన్ను. కౌంటర్ ముంగట మంది లైన్ల ఉన్నరు."

సరే అని పక్కింటి శ్రీరామమూర్తి సారు దగ్గరకు వెళ్ళాను. తెనాలి వైపు వాళ్ళు, ఇరవై ఏళ్ళుగా మా సందులోనే ఉన్నారు. రోజూ సాయంత్రం అన్నా, ఆయనా అరుగు మీద కూర్చుని చదరంగం ఆడేవాళ్ళు. ఇద్దరికీ రాదు. అందుకే ఒక్క ఆట కూడా ముగియలేదు.

"సారూ, సుందరయ్యన్న కలలకు ఒచ్చిండు. తాత వేషం మా సారే వెయ్యాలె, గంత పెద్దమనిషి ఇంకొకడు లేడన్నడు."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నిజంగా నా పేరే చెప్పాడా?"

"ఇంటి పేరుతోటి సహా."

"అబ్బే, మోకాళ్ళు సహకరించవు సైదమ్మా. పైగా మా ఆవిడ కోటేశ్వరమ్మకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా!"

ఇద్దరూ కాదన్నారు. ఇక మిగిలింది నేనే. నా ఎర్ర నైటీ, అల్లుడి కొడుకు స్కూలు బెల్టు, దూదిని మైదా జిగురుతో అంటించిన గడ్డం. అద్దంలో చూసుకుంటే నాకే భయమేసింది. చర్చి పిల్లలకు మాత్రం ఒకటే మాట చెప్పాను. "ఆరున్నరకు డప్పు తీస్కొని రాండ్రి. తాత సంగతి నేను చూసుకుంట."

ఇరవై మూడో తారీఖు సాయంత్రం నేను వదిన ఇంటి పక్కన నీళ్ళ ట్యాంకు వెనక నక్కాను. వదిన లోపల ఉంది. కోటేశ్వరమ్మ గారు స్టీలు డబ్బాతో వచ్చారు.

"మీరు ఈ ఏడు చెయ్యరు కదా అని కజ్జికాయలు తెచ్చానండీ ఎస్తేరమ్మ గారూ. ఒకటి రుచి చూడండి."

వదిన కొరికిన చప్పుడు నాకు ట్యాంకు వెనక వినిపించింది.

"బెల్లమా?" అంది వదిన.

"బెల్లం, కొబ్బరండీ."

"మంచిగనే ఉన్నది," అంది వదిన. వాడిన కొత్తిమీర కట్ట చూసి, కొనకుండా పోయే నా గిరాకీలు అనే గొంతు అది.

అంతలో డప్పు మోగింది. నేను "హోయ్" అని ట్యాంకు వెనక నుంచి దూకాను. దూకి చూస్తే గుమ్మం ముందు ఇంకో తాత ఉన్నాడు. అంగీ బిగుతై బొజ్జ దగ్గర గుండీలు తెగేలా ఉన్నాయి. మాస్కు నుదుటి మీద ఎర్రగా, గుండ్రంగా కుంకుమ బొట్టు. నేను నోరు తెరిచేలోపు సందు మలుపులో స్కూటర్ ఆగింది. దాని మీద నుంచి మూడో తాత దిగాడు. అతని మెడలో కోచింగ్ సెంటర్ ఐడీ కార్డు వేలాడుతోంది.

డప్పు కొట్టే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ చేతులు ఆపలేదు. వదిన సగం తలుపు తీసింది. మమ్మల్ని కుడి నుంచి ఎడమకు, మళ్ళీ ఎడమ నుంచి కుడికి చూసింది.

ముందు తేరుకున్నది కోటేశ్వరమ్మ గారు. "ఏవండీ! మీరేనా? మోకాళ్ళ నొప్పులని నిన్న కూరగాయల సంచి కూడా పట్టుకోలేదే! ఆ బొట్టేవిటి?"

"దేవుడికి దణ్ణం పెట్టుకుని బయల్దేరాను. అలవాటుగా పెట్టేశాను," అన్నాడు బొట్టు తాత. తర్వాత నా వైపు తిరిగాడు. పుదీనా వాసనకు దొరికిపోయాననుకుంటాను. "ఇదేం పని సైదమ్మా? సుందరయ్య నా పేరే చెప్పాడన్నావుగా!"

ఐడీ కార్డు తాత మాస్కు పైకెత్తాడు. "సారు పేరా? నాయిన నా పేరు చెప్పిండన్నవ్ గదత్తా! నేను అర పూట సెలవు పెట్టి ఒచ్చిన!"

"ఎవలు చెప్పిండ్రు?" అంది వదిన. "ఏడ చెప్పిండు?"

"కలల. అత్త కలల."

డప్పు ఆగిపోయింది. వదిన నా దగ్గరకు వచ్చింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె గొంతు మాత్రం చిన్నగా వచ్చింది.

"నీ కలలకు ఒచ్చిండా? ఎనిమిది నెలలాయె సైదమ్మా. రోజు మంచంల పక్కకు జరిగి, జాగ ఇడిసి పండుకుంటున్న. నాకు ఒక్కనాడు రాలే. నీకొచ్చి పేర్ల లిస్టు ఇచ్చి పోయిండా?"

టోపీని రైలెక్కించినదాన్ని, చీమలతో గడ్డం మోయించినదాన్ని, నాకు ఆ క్షణాన ఒక్క అబద్ధం కూడా చేతికి తగల్లేదు.

"రాలే వదినె. నాకు గూడ ఒక్కనాడు రాలే. ఉత్తగ చెప్పిన."

"ఎందుకు చెప్పినవే?"

"నువ్వు తాళమేసి పోతున్నవని. రేపు మాపు కలలకు ఒస్తే గిస్తే, మా అన్న ఏ గుమ్మం ముంగట ఎగరాలె?"

అప్పుడే మైదా జిగురు ఎండిపోయి నా గడ్డం ఒక పక్క ఊడింది. చెవికి మేక తోకలా వేలాడింది. ఆమె దాన్ని చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"ముగ్గురొచ్చిండ్రు," అంది. "ముగ్గురు గలిసి ఒక్క తాతగ లేరు. ఏది, ఎగురుండ్రి చూస్త."

డప్పు మళ్ళీ అందుకుంది. సారు రెండు చేతులూ పైకెత్తి ట్రాఫిక్ ఆపినట్టు నిలబడ్డాడు. ఆనంద్ ఎడమ కాలు వేసి, కుడి కాలు వెయ్యాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండిపోయాడు. నేను ఎగిరిన ఎత్తుకు మెట్రో రైలు డ్రైవరు కిందికి వంగి దండం పెట్టాడు గానీ, నైటీ కాలికి అడ్డం పడి దిగడం మాత్రం సారు మీద దిగాను.

"ఛీ, గిదా ఎగురుడు!" అంది వదిన. "మా ఇంటాయన చూస్తే సిగ్గుతోటి సస్తుండె." అన్న తర్వాత ఆ మాట ఆమెకే వినిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాని వెనక నుంచి నవ్వు తన్నుకొచ్చింది. ఈస్టర్ తర్వాత ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది.

ఆమె గిరుక్కున లోపలికి వెళ్ళింది. మంచం కింది నకిరేకల్ సంచి గుమ్మంలోకి లాగి జిప్పు తీసింది. పైన రెండు చీరలు. చీరల కింద కర్టెన్ గుడ్డతో కుట్టిన అంగీ, మడత పెట్టిన టోపీ, మాస్కు.

"అమ్మా, ఇవి గూడ తీస్కపోతున్నవా?" అన్నాడు ఆనంద్.

"మరి? పండుగ పూట ఆయన్ని ఒక్కన్ని ఇడిసిపెట్టి పోదునా?" అని కొడుకును కసిరింది. చీర మీదే అంగీ తొడిగింది. మాస్కు పెట్టుకుంది. "కాలు గిట్ల లేవాలె. నడుము గిట్ల. చెయ్యి గిట్ల తిప్పి, ఆకిరికి గంతు. ముప్పయ్యొక్క ఏండ్లు ఎవలు నేర్పిండ్రనుకున్నరు?"

అన్న నడుమే అది. అన్న కాలే అది. ఇంతకాలం మా అన్న సొంతం అనుకున్న గంతు ఆమెదని మాకు అప్పుడు తెలిసింది. ఆనంద్ మాస్కు కిందికి దించేసుకున్నాడు. దాని కింద ఏం చేస్తున్నాడో అడగలేదు. సందు సందంతా గుమ్మాల్లోకి వచ్చింది.

ఆట ఆగాక ఆమె గుమ్మానికి బయట నిలబడిపోయింది. లోపల తలుపు దగ్గర ఎవరూ లేరు. నేను వెళ్ళి తలుపు సగం మూసి నిలబడ్డాను.

"ఎవలయ్యా నువ్వు? ఏడికెల్లి ఒచ్చినవ్?"

మాస్కు లోపలి నుంచి బొంగురు గొంతు వచ్చింది. "మంచు కొండలకెల్లి తల్లీ. సూర్యాపేట మీదికెల్లి ఒచ్చిన."

"మా ఇంట్ల ముసలోడు..." అని మొదలుపెట్టి, మిగతాది వదిలేసి తలుపు తీశాను. పక్కనే ఉన్న కోటేశ్వరమ్మ గారు డబ్బా మూత తీసి, "తాత గారికి ఒక కజ్జికాయ పెట్టు సైదమ్మా," అన్నారు.

మాస్కు అడ్డంగా ఊగింది. "బెల్లమా? ఈ నోట్లెకు చక్కెరదే పోవాలె. ఏమనుకోకుండ్రి కోటేశ్వరమ్మా."

"అనుకోవడం ఎందుకండీ? బాగుందన్న గొంతులోనే తెలిసింది నాకు," అన్నారావిడ. "పదండి, రవ్వ నేను వేయిస్తాను."

వదిన అంగీ విప్పకుండానే వంటింట్లోకి నడిచింది. "సైదమ్మా, అటుక మీది మూకుడు దించు. ఆనందూ, స్టార్‌కు వైరు చూడు. సారూ, మీరు జర కూసోండ్రి, మోకాళ్ళ పని రేపు చెప్త."

తొమ్మిది కాకముందే నూనె కాగింది. మొదటి గరిజె పొంగి పైకి తేలింది. వదిన దాన్ని తీసి నా చేతిలో పెట్టి, మాస్కు మళ్ళీ కిందికి లాక్కుంది. నేను నోటి సందులోంచి పెట్టాను. సగం లోపలికి పోయింది. సగం పొడి పొడిగా గడ్డంలో రాలింది.

"దులుపు వదినె, చీమలొస్తయ్."

"రానీ," అంది లోపల నములుతూ. "అవి గూడ ఏడాది సంది ఎదురుచూస్తున్నయ్."