బోటు ముక్కులో చోటు

ముత్యాలయ్య ఫైబరు బోటులో కాలు పెట్టడానికి జాగా ఉండేది కాదు. రొయ్యల వల, పీతల వల, లంగరు తాడు, ఐసు పెట్టె, డీజిల్ క్యాన్, అన్నీ ఆ కాస్త బోటులోనే. ఒకరోజు వల వేస్తుంటే తమ్ముడు వినోద్ కాలికి తాడు మెలికపడి, కొద్దిలో సముద్రంలోకి పోయేవాడే. చీలమండ చుట్టూ తోలు లేచిపోయింది.

దానికి పసుపు అద్దుతూ చెంచమ్మ మొగుడి మీద మండిపడింది. "ఆ వలలు యాడన్నా సర్దుకోకూడదా? పిల్లోడు పొయ్యుంటే ఏం చేసేవోడివి?"

"నీ మెడలో గొలుసిస్తే పెద్ద బోటే కొందాం వదినా" అన్నాడు వినోద్.

"నోరు ముయ్" అని ఆమె పసుపు ఇంకాస్త గట్టిగా అదిమింది.

మర్నాడు ముత్యాలయ్య ఒడ్డున బోటంతా తడిమి చూశాడు. ముక్కు దగ్గర మూసేసిన భాగాన్ని గుద్దితే డబడబమంది. ఇంత చోటు పెట్టుకుని ఇన్నాళ్ళూ వలల మీద నడిచామా అనుకున్నాడు. కూతురు రోజాను అంచు పట్టుకోమని, రంపం బ్లేడుతో కోశాడు. లోపల తెల్లటి థర్మాకోల్ దిమ్మలు, టీవీ పెట్టెలో వచ్చేలాంటివి. బోటు చేసినోళ్ళు ఊరికే కూరి వదిలేసినారనుకున్నాడు. అన్నీ పీకి ఇసుకలో పడేసి, రొయ్యల వలను లోపలికి తోశాడు. చక్కగా పట్టింది.

పక్కింటి పోలేరయ్య వచ్చి చూశాడు. "బోటుకి బీరువా పెట్టించినావే బావా! అద్దం కూడా బిగించు, వంజరం చేపలు తల దువ్వుకుంటాయి."

వెక్కిరించాడే గాని, ఆ బ్లేడే అడిగి తీసుకెళ్ళి తన బోటు ముక్కూ కోసుకున్నాడు. వచ్చిన దిమ్మల్ని చెత్తతో కలిపి తగలబెట్టాడు. రోజాకు పారేయబుద్ధి కాలేదు. తమ దిమ్మల్ని మోసుకొచ్చి పెరట్లో కోడి పొదిగే బుట్ట కింద వేసింది.

వాళ్ళ తాతలు కట్టె తెప్పల మీద వేటకు పోయినవాళ్ళు. కట్టె తిరగబడుతుంది గాని మునగదు. అందుకే ఆ ఊళ్ళో చిన్నబిడ్డలకు కూడా తెలిసిన మాట ఒకటుంది. అల కొడితే బోటును వదలబాక, వదిలితే పోతావు. తిరగబడ్డ ఫైబరు బోట్ల వీపు మీద కూర్చుని బతికొచ్చిన వాళ్ళు ఊళ్ళో ఉన్నారు.

ముక్కు కోసిన కొన్నాళ్ళకు, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటేటప్పుడు అన్నదమ్ముల బోటును అల అడ్డంగా కొట్టింది. ముత్యాలయ్య దూరంగా పడ్డాడు. చేతికి డీజిల్ క్యాన్ దొరికింది. వినోద్ తలకిందులైన బోటు పక్కనే తేలాడు.

"బోటు పట్టుకో అబ్బయ్యా! వదలబాక!" అని ముత్యాలయ్య గొంతు చించుకున్నాడు.

వినోద్ పట్టుకున్నాడు. బోటు ముక్కు కిందికి దిగింది. దిగుతూనే పోయింది. కోసిన చోటునుంచి వల బయటికొచ్చి నీళ్ళలో పరుచుకుంది. మర్నాడు వినోద్ ఆ వలలోనే దొరికాడు.

వినోద్ కర్మ కాకముందే వాన పట్టుకుంది. పెరడంతా నీళ్ళు నిండాయి. ముత్యాలయ్య అరుగు మీద కూర్చునున్నాడు. కోడి బుట్ట మెల్లగా తేలుతూ వచ్చి అరుగుకు తగిలింది. కింద థర్మాకోల్ దిమ్మలు, పైన బుట్టలో కోడి, ఈక కూడా తడవలేదు.

ముత్యాలయ్య దిగి బుట్ట పక్కకు తోసి, ఒక దిమ్మను నీళ్ళలోకి అదిమాడు. అది పైకొచ్చింది. మోకాలేసి తొక్కాడు. మళ్ళీ పైకొచ్చింది.

"పట్టుకోమన్నాను మే" అన్నాడు కూతురితో. "నేనే పట్టుకోమన్నాను."

రోజాకు అప్పుడు అర్థమైంది. వెంటనే పోలేరయ్య బోటు గుర్తొచ్చింది.

వాన వెలిసిన తెల్లారి పోలేరయ్య బోటు నీళ్ళలోకి నెట్టబోతుంటే, రోజా రెండు దిమ్మలు నెత్తిన పెట్టుకుని ఒడ్డుకొచ్చింది. మగవాళ్ళ ముందు తలెత్తి మాట్లాడని పిల్ల.

"మైలింటి సామాను బోటు కాడికి తెస్తావా? పో మే!" అని కసిరాడు పోలేరయ్య.

"వల తీసేసి ఇవి పెట్టు మామా."

"వల నీ నెత్తిన పెట్టుకుంటావా?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. రోజా దిమ్మల్ని ఇసుకలో దించింది. అక్కణ్ణుంచి కదల్లేదు.

"చిన్నాయన బోటును వదల్లేదు మామా. నాయన వదలబాకన్నాడు, వదల్లేదు. ఆ బోటే మునిగింది. ఇయ్యి లోపలుంటే మునిగేది కాదు. నీ బోటులో కూడా ఇప్పుడు ఇయ్యి లేవు."

పోలేరయ్య తన బోటు ముక్కు వైపు చూశాడు. తర్వాత వంగి, లోపలి వలను బయటికి లాగి ఇసుకలో పడేశాడు. రోజా దిమ్మల్ని లోపలికి తోసింది. సగం కూడా నిండలేదు.

"మిగతావి?"

"నాయన కాడ ఉండాయి."

"పోయి తే. నిండిందాకా నేను పోను."

ఇంటికొచ్చేసరికి ముత్యాలయ్య మిగిలిన దిమ్మల్ని ఒడిలో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకునున్నాడు. రోజా లాగితే రాలేదు. చెంచమ్మ లోపల్నుంచి వచ్చి చూసింది. మొగుడి పక్కన కూర్చుని అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, దిమ్మలు తీసి కూతురి నెత్తికెత్తింది.

రోజా గడప దాటి వెనక్కి చూసింది. నాయన చేతులు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే ఉన్నాయి.