వెనక సీట్లో వాసన

అనురాధ ఆల్థాన్ అపార్టుమెంట్ల పిల్లలను తన ఎలక్ట్రిక్ కారులో బడికి దింపుతుంది. వాసన సంగతి మొదట పసిగట్టింది వెనక సీట్లో కూచునే యూకేజీ పిల్ల. ఏదో కాలుతోంది ఆంటీ, అంది. అనురాధ ఒకరోజు అద్దాలు దించి, ఒకరోజు ఏసీ వేసి బండి నడిపింది. శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల తల్లి హేతల్‌బెన్ ఫోన్ చేసింది. సోమవారం తాను స్వయంగా కారెక్కి చూస్తానని, వాసన ఉంటే ఇక పిల్లలను పంపేది లేదని, ఇది తల్లులందరి మాటేనని హిందీలో మర్యాదగానే చెప్పింది.

పిల్లలు పోతే కారుకు పని లేదు. కారుకు పని లేకపోతే అనురాధ మళ్లీ ఇంట్లో కూచుని చీరలకు రాళ్లు అంటించాలి. ఆ జిగురు వాసనకు ఆమెకు తల పగిలిపోతుంది.

షోరూమ్ వాళ్లు బుధవారం తెమ్మన్నారు. అందుకని శనివారం పొద్దున, బడి లేని రోజు, కారు వడోద్‌లో వాళ్ల గల్లీ మొదట్లో ఆగింది. మామ రాజనర్సు వచ్చి ముందు మూత ఎత్తాడు. ముప్పై ఏళ్లు మరమగ్గాలు బాగు చేసిన మనిషి. లోపలికి తొంగి చూశాడు.

"ఇండ్ల ఇంజనే లేదు. ఏం కాలుతది బిడ్డా?"

"గదే నేను మిమ్ముల అడుగుతున్న మామా."

రాజనర్సు మూత వేసి, వెనక సీట్లో కూచుని, కళ్లు మూసుకుని ముక్కు ఎగబీల్చాడు. నూలు ఏ రకమో తెలియకపోతే నేతగాళ్లు కొస కాల్చి వాసన చూస్తారు. కాటన్ అయితే కాగితం కాలినట్టు, పట్టయితే వెంట్రుక కాలినట్టు ఉంటుంది. పాలిస్టర్‌ది వెగటు తీపి, కాలిన చోట గట్టి నల్ల పూస మిగులుతుంది.

"వైరు గాదిది," అన్నాడు. "పాలిస్టర్."

"కారుల మగ్గం ఏడున్నది మామా?"

"ఎక్కిరించకు. సీటు కవర్లు విప్పు."

విప్పారు. ఒక్కో కవరూ తిరగేసి చూశారు. ఎక్కడా మాడిన మచ్చ లేదు. రాజనర్సు అంచు పోగొకటి లాగి అగ్గిపుల్లతో ముట్టించాడు. పాలిస్టరే. కానీ కవర్లు ఇంటి మెట్ల మీద పడి ఉన్నా కారులో వాసన అట్లాగే ఉంది.

"కంపెనోడే ఏదో మాడగొట్టిండు," అని తీర్పు చెప్పి ఆయన బీడీ వెతుక్కున్నాడు.

అనురాధ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఆలోచించింది. సాయంత్రం పిల్లలను తెచ్చేటప్పుడు వాసన ఉన్నట్టు ఎవరూ అనలేదు. పొద్దున ట్రిప్పులోనే. ఏసీ వేసినా, వేయకపోయినా. ముందు సీటుకన్నా వెనక ఎక్కువ. వెనక సీటు వెనకాల ఏముంది? డిక్కీ. పొద్దున పొద్దున్నే డిక్కీలో పడేది ఏమిటి?

ఆమె దిగి, డిక్కీలోంచి చార్జింగ్ కేబుల్ తీసి గల్లీలో దూరంగా పెట్టింది. నాలుగు తలుపులూ తెరిచి కాసేపాగి, మళ్లీ మూసి లోపల కూచుంది. వాసన లేదు. దిగి కేబుల్ దగ్గర వంగింది. రాత్రి కాలిన వాసన అక్కడుంది; సాయంత్రానికి అది ఆరిపోతుంది.

ప్లగ్గు చుట్టూ వేస్టు నూలు చుట్టి ఉంది. నూలు కరిగి ప్లగ్గుకు అతుక్కుంది. పిన్నుల్లో ఒకటి నల్లబడింది. ముడి మాత్రం కరగలేదు. ముడి వేశాక కొసను మళ్లీ చుట్టలోకి దోపి ఉంది, మగ్గాల వాళ్లు కట్టే తీరున.

"మామా, గీ ముడి ఎవలిది?"

రాజనర్సు బీడీ పారేశాడు. గల్లీలో కారుకు కరెంటు లేదని రాజనర్సు యజమాని సేఠ్‌ను అడిగి, ఖటోదరాలో ఆయన మగ్గాల షెడ్డులో రాత్రిళ్లు చార్జింగ్ పెడుతున్నారు. పెట్టేది రాజనర్సే, పొద్దున తీసి డిక్కీలో వేసేదీ ఆయనే.

"మగ్గాల అదురుకు ప్లగ్గు ఊడొస్తున్నదని కట్టిన. షెడ్డుల అన్నీ గట్లనే కడతం. ఫ్యాను కట్టినం, ట్యూబులైటు కట్టినం. ఏం కాలే."

"ఫ్యాను తాగే కరెంటా ఇది?"

సాయంత్రం ఎలక్ట్రీషియన్ బ్రహ్మచారి షెడ్డు సాకెట్ విప్పి, లోపల పిన్నును పట్టే రేకు సాగిపోయి రంగు మారడం చూపించాడు.

"ఇది వదులైంది గాబట్టి వేడెక్కింది. ప్లగ్గు ఊడిపడ్డా మంచిగుండు, కారు చార్జి కాకపోవు, గంతే. నువ్వు దాన్ని ఊడనియ్యలే రాజనర్సన్నా." నేల మీద పేరుకున్న నూలు దుమ్మును చెప్పుతో పక్కకు నెట్టాడు. "ఇంకొన్ని రోజులైతే ఇది అంటుకుంటుండె, సేఠ్ మనల్ని ఊడగొడుతుండె."

బ్రహ్మచారి అదురు తగలని గేటు పక్క గోడకు విడిగా లైను లాగి, కొత్త పెద్ద సాకెట్ బిగించాడు. మాడిన కేబుల్ మాత్రం మార్చాల్సిందే అన్నాడు. కొత్తది వచ్చేదాకా ఆల్థాన్‌లో రోడ్డు పక్క చార్జింగ్ స్టేషనే గతి.

ఆదివారం అన్నం తింటూ రాజనర్సు, కంచం వంకే చూస్తూ అన్నాడు. "ఆ గుజరాతీ ఆమెకు కంపెనోని తప్పని చెప్పు. మన సంగతి చెబితే పిల్లల్ని పంపుతదా?"

"పంపదేమో."

"మరి?"

అనురాధ ప్లగ్గు నుంచి పీకిన నూలు ముద్దను కాగితంలో చుట్టి కారులో పెట్టింది.

సోమవారం హేతల్‌బెన్ అద్దాలన్నీ మూయించి వెనక సీట్లో కూచుంది. కారు అపార్టుమెంట్ల చుట్టూ ఒక రౌండు తిరిగింది.

"లేదు వాసన," అంది. "ఏమైందసలు?"

అనురాధ కాగితం విప్పి ఇచ్చింది. "మా మామ ప్లగ్గు ఊడకుండా దీంతో కట్టిండు. అది కాలింది. వైరింగు మార్పించినం."

హేతల్‌బెన్ భర్తకు రింగ్‌రోడ్ మార్కెట్లో చీరల దుకాణం. ఆమె ఆ ముద్దను వేళ్ల మధ్య నలిపి, గట్టిపడిన చోట గోటితో గీరి, వాసన చూసింది.

"పాలిస్టర్," అంది.

"అవును."

"నిన్న నేనే ఇంకో బండి మాట్లాడాను. కంపెనీ తప్పని చెప్పి ఉంటే దాంట్లోనే పంపేదాన్ని. కంపెనీ తప్పు మళ్లీ జరగదని నువ్వెట్లా చెప్పగలవు?" కాగితం తిరిగి మడిచింది. "మీ మామయ్యను మాత్రం ప్లగ్గు దగ్గరికి రానివ్వకు."

ఆ వారమంతా హేతల్‌బెన్ రోజూ కిందికి దిగి, పిల్ల ఎక్కకముందు తాను తల లోపల పెట్టి ముక్కు ఎగబీల్చింది. తర్వాత పై నుంచే చెయ్యి ఊపడం మొదలుపెట్టింది.