ఫిపే మరిచిపోయిన వాక్యం

"ఆ గౌను కుట్టడం నీ పని కాదని ఎన్నిసార్లు చెప్పాలి లోసేలీ?" అన్నాడు సెమిసీ. పొద్దున్నుంచి అది మూడోసారి.

లోసేలీ తల ఎత్తకుండా తెల్లగౌను మడతల మీద ఇస్త్రీ పెట్టి నొక్కుతోంది. "కుట్టేశానుగా. ఇంకా చెప్పి ఏం లాభం?"

"అక్క ఎలాగూ ఒకటి కుట్టించి ఉంటుంది. పిల్లకి రెండూ ఒకదాని మీద ఒకటి తొడుగుతారా?"

"ఒకటి చర్చికి, ఒకటి విందుకి."

"విందుకి తెల్లగౌనా! కొబ్బరిపాలు ఒలకబోసుకోడానికా?"

మూల కూర్చుని చాప అల్లుతున్న అత్తగారు కిసుక్కున నవ్వింది. "నువ్వు ఐదేళ్ళప్పుడు ఒలకబోసుకున్న మరక ఈరోజుకీ వదల్లేదురా సెమిసీ."

గొడవ గౌను గురించి కాదని ముగ్గురికీ తెలుసు. ముసలావిడ నీళ్ళకని లేచి వెళ్ళాక సెమిసీ గొంతు తగ్గించాడు. "అందరి ముందూ అడిగితే అక్క తల ఎక్కడ పెట్టుకుంటుంది?"

"ఆరేళ్ళుగా నా తల ఎక్కడ పెట్టుకున్నానో ఎవరైనా అడిగారా?"

అతను చర్చికి వెళ్ళే మగవాళ్ళ ఆనవాయితీ ప్రకారం నడుముకు చాప చుట్టుకుని తాడు బిగించుకున్నాడు.

తమ కూతురు ఫిపే తొమ్మిది నెలల పిల్లగా ఉండగా సెమిసీ అక్క మాటెలితా వచ్చి ఇదే గదిలో కూర్చుంది. భర్త పోయాడు, కడుపు పండలేదు. పిల్లనిమ్మని అడిగింది. తండ్రి తోబుట్టువు అడిగాక కాదనే నోరు టోంగాలో ఎవరికీ లేదు. లోసేలీ బిడ్డను తువ్వాల్లో చుట్టి ఇచ్చింది. ఏ దూరపు దీవికో పంపి ఉంటే గుండె రాయి చేసుకునేదేమో. ఇచ్చింది రోడ్డవతలి ఇంటికి.

ఇప్పుడు ఫిపేకి ఏడేళ్ళు. మాటెలితాని అమ్మా అంటుంది, లోసేలీని అత్తా అంటుంది. పొద్దున బడికి పోతూ, బట్టలారేస్తున్న లోసేలీని చూసి చెయ్యి ఎత్తుతుంది. లోసేలీ చెయ్యి ఊపుతుంది. రోజు మొత్తానికి అంతే. సాయంత్రం ఆ ఇంట్లో ప్రార్థన పాట మొదలవగానే లోసేలీ వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేస్తుంది, ఫిపే గొంతు వినపడకుండా. ఆరేళ్ళలో ఒక్కసారీ ఆ ప్రార్థనకు వెళ్ళలేదు. తన ప్రార్థనలో మాత్రం పంటకీ ఆరోగ్యానికీ స్తోత్రం చెప్పేది, అందరూ చెప్పేవే. నోరు స్తోత్రం చెబుతుంటే మనసు ఒక్కటే అడిగేది, పిల్లని తిరిగి ఇమ్మని.

ఈసారి పిల్లల పండగ విందులో, బంధువులంతా కూర్చున్నప్పుడు, ఆ అడిగేదేదో దేవుణ్ణి కాక మనుషుల్నే అడగాలనుకుంది.

ఆ రోజు మే నెల మొదటి ఆదివారం. చర్చి తెల్లబట్టలతో నిండిపోయింది. పిల్లలు ఒక్కొక్కరే ముందుకు వచ్చి కంఠతా పట్టిన వాక్యం చెబుతున్నారు. ఫిపే మాటెలితా కుట్టించిన గౌనులో వచ్చి నిలబడింది. ఆ వాక్యం లోసేలీకి కూడా వచ్చు. నెలరోజులుగా పొద్దస్తమానం రోడ్డు దాటి వస్తున్న వల్లెవేతకి సాయంత్రపు గిన్నెల చప్పుడు అడ్డు రాలేదు.

ఫిపే మూడు మాటలు చెప్పి ఆగిపోయింది.

ముందు వరసలో మాటెలితా పెదవులు కదిలాయి. వెనక వరసలో లోసేలీ పెదవులూ కదిలాయి. పిల్ల ఎవరినీ చూడలేదు.

"పరవాలేదమ్మా, నెమ్మదిగా," అన్నారు పాస్టర్ గారు.

ఫిపే కళ్ళు గట్టిగా మూసుకుంది. నేర్చుకున్నది మరిచిపోయి, రోజూ నోటికి వచ్చేది అందుకుంది.

"తండ్రీ, సీమపనసకాయ మాడకుండా కాలినందుకు స్తోత్రం. అమ్మ మోకాలు ఇవాళ నొప్పి పెట్టనందుకు స్తోత్రం. మా పంది ఏడు పిల్లల్ని పెట్టినందుకు, ఒకటి చచ్చిపోయినా ఆరు ఉన్నందుకు స్తోత్రం." ఎవరో నవ్వారు. పిల్ల ఆగలేదు. "పొద్దున లోసేలీ అత్త బట్టలారేస్తూ నాకు చెయ్యి ఊపినందుకు స్తోత్రం. వానొచ్చినప్పుడు ఆరేసే బట్టలు లేకపోయినా బయటికొచ్చి నించున్నందుకు స్తోత్రం. ఆమేన్."

చర్చి అంతా ఆమేన్ అంది. పెద్ద ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. లోసేలీ మాత్రం కదల్లేదు. వానలో ఉత్త చేతులతో నిలబడటం ఎవరి కంటా పడలేదనుకుంది. అది రోజూ సాయంత్రం ఫిపే ప్రార్థనలో పందిపిల్లల పక్కన చేరి దేవుడి దగ్గరికి వెళుతోంది. ఆ మాటలనే తను ఆరేళ్ళపాటు గిన్నెలతో మోగించి తరిమేసింది.

విందులో ఆనవాయితీ ప్రకారం పిల్లలు ముందు కూర్చున్నారు, పెద్దలు వడ్డిస్తున్నారు. ఫిపే వెనక చెరోపక్కా కూర్చుని మాటెలితా, లోసేలీ విసనకర్రలతో ఈగలు తోలుతున్నారు.

"రోజూ చెబుతుందే ఆ మాట," అంది మాటెలితా మెల్లిగా. "నీకు వినబడుతుందనుకున్నాను. ఎంత దూరమని!"

"గిన్నెలు తోముకునేదాన్ని వదినా."

"ఆరేళ్ళా? అంత మురికేముందే మీ ఇంట్లో!"

లోసేలీకి నవ్వొచ్చింది. అంతలో ఫిపే కొబ్బరిపాలు పోసి వండిన చేమాకు పొట్లం విప్పబోయి ఆ పాలు గుండెలనిండా ఒలకబోసుకుంది.

"అయ్యో, ఇప్పుడేం తొడగను దీనికి!" అంది మాటెలితా.

లోసేలీ సంచిలోంచి గౌను తీసి ఇచ్చింది. మాటెలితా దాన్ని విప్పి, కుట్టు మీద వేలు నడిపి, మరదలి మొహంలోకి చూసింది. "చేతులెత్తు ఫిపే, అత్త కుట్టింది," అంది.

గౌను సరిగ్గా సరిపోయింది. ఆరేళ్ళు కంటితో కొలిచిన కొలత అది.

పిల్లలు లేచాక పెద్దలు కూర్చున్నారు. మాట్లాడదలచినవాళ్ళు ఒక్కొక్కరే మాట్లాడారు. లోసేలీ వంతు వచ్చింది. సెమిసీ చేతిలో కందగడ్డ ముక్క అలాగే ఆగిపోయింది. అడగాలనుకున్న మాట ఆమె గొంతులోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. బహుశా ఎప్పటికీ పోదు. పందిరి గుంజ దగ్గర ఫిపే కొత్తగౌను అంచు పట్టుకుని గిర్రున తిరుగుతోంది.

"ఇవాళ్టినుంచి సాయంత్రం ప్రార్థనకి నేను వదిన వాళ్ళింటికి వెళతాను," అంది లోసేలీ, అందరికీ వినబడేంత గొంతుతో, అంతకు మించకుండా. "రోజూ వెళతాను."