సిలువ గుర్తు రొట్టె

నేను ఒక చెక్క పీపాను. అలాగని నాలో సారా పోస్తారనుకునేరు! జర్మనీలో ఐషెన్‌బ్రున్ అనే కొండ మీద, మందపాటి రాతిగోడ నడుమ నిలువుగా అమర్చిన పీపాను. నాకు ఒక పక్క మాత్రమే తెరిచి ఉంటుంది. బయటివాళ్లు నాలో రొట్టె పెట్టి తిప్పితే లోపలివాళ్ల చేతికి అందుతుంది. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. ఆ పని కోసమే నన్ను చేయించారు.

నాకంటే ముందు అది కోట. దాని యజమాని ఊళ్లకు ఊళ్లు తగలబెట్టి, ముసలితనంలో నరకం గుర్తొచ్చి, కోటను కన్యాస్త్రీలకు రాసిచ్చి చేతులు కడుక్కున్నాడు. కోట మఠమైంది. గడప దాటి లోపలికి వెళ్లిన ఆడపిల్ల మళ్లీ బయటి మనిషికి కనబడకూడదని నియమం. అందుకని ఒక వడ్రంగి ఓక్ చెక్కతో నన్ను బిగించాడు. "ఇహ దీంట్లోంచి ఈగ కూడా తొంగి చూడలేదు" అని మురిసిపోయాడు. మహా ఘనకార్యం చేశాడు, వాడి మొహం!

ఎందరి చేతులో నన్ను తిప్పాయి. నేను మరచిపోలేనివి ఆఫ్రా చేతులు. చిన్నవయసులోనే మఠంలో చేరింది. ఆమె చెల్లెలు ఉర్సులా కింద ఊళ్లో రొట్టెలు కాల్చేది. రోజూ పొద్దున్నే కొండెక్కి వచ్చి నా మీద తట్టి "దేవునికి స్తోత్రం" అనేది. "స్తోత్రం చెల్లీ" అంటూ ఆఫ్రా నన్ను తిప్పేది. రొట్టె లోపలికి వెళ్లాక కాసేపు నాకు అటొకరు ఇటొకరు ఆనుకుని కబుర్లు చెప్పుకునేవారు. ఉర్సులాకు పెళ్లయింది, భర్త పోయాడు, జుట్టు నెరిసింది. ఆఫ్రా అన్నీ విన్నది, ఒక్కటీ చూడలేదు. అయినా ఆ కాసేపటి కోసమే ఇద్దరూ తెల్లవారడానికి ఎదురుచూసేవారు.

ఇలా ఉండగా సర్కారు కన్ను మఠాల మీద పడింది. భూములు లాక్కుంది, కొండను ఒక దొరకు అమ్మేసింది. ఆయనకు దాన్ని మళ్లీ కోట చేసుకోవాలని సరదా. అయితే సర్కారు కూడా దయగలదే! కొత్తవాళ్లను చేర్చుకోకూడదు గానీ ఉన్నవాళ్లు ఉండవచ్చునంది. ఒక్కతే మిగిలిపోతే మాత్రం ఆమెను ఎక్కడో ఉత్తరాన ఉన్న మఠానికి తోలేసి, తాళం దొరకు ఇస్తారు. అంటే ముసలమ్మలు ఎప్పుడు పోతారా అని కాచుకుని కూర్చోవడమన్నమాట.

ఒక్కొక్కరే పోయారు. చివరికి ఆఫ్రా, పళ్లన్నీ ఊడిపోయిన మదర్ బెనెడిక్టా, ఇద్దరే మిగిలారు. దొరగారి పెత్తందారు రీగ్లర్ అప్పుడప్పుడు వచ్చి నన్ను తట్టి వాళ్ల క్షేమం అడిగేవాడు. ఎంత పెత్తందారైనా లోపలి గడప తొక్కడానికి భయం. కన్యాస్త్రీలు ఉన్న చోట కాలు పెడితే పాపమని వాళ్లమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. వాళ్లను వెళ్లగొట్టడం పాపమని మాత్రం చెప్పినట్టు లేదు.

ఆకులు రాలే కాలంలో మదర్ కన్నుమూసింది. ఆఫ్రా తోటలో తనే గొయ్యి తవ్వి పూడ్చిపెట్టింది. ఆ తర్వాత రీగ్లర్ వచ్చి "మదర్ గారూ, ఎలా ఉన్నారు?" అని అడిగాడు. ఆఫ్రా నాకు దగ్గరగా వంగి, మదర్ గొంతుతో దగ్గి, "ఉన్నాను నాయనా, ఈ దగ్గొక్కటే చంపుతోంది" అంది. "సిస్టర్ ఆఫ్రా?" అంటే తన గొంతుతో "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంది. రీగ్లర్ నమ్మి వెళ్లిపోయాడు. నాకు నోరుంటే పడీపడీ నవ్వేదాన్ని.

మర్నాడే నవ్వంతా ఆవిరైపోయింది. ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా పోతే, నెల తిరిగేదాకా వాళ్ల వాటా రొట్టె మీద సిలువ గుర్తు గీసి, బయట బీదవాళ్లకు పంపాలి. తిన్నవాళ్లు పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యాలి. ఆఫ్రా ఆ రొట్టెను నాలో పెట్టి బయటికి తిప్పింది.

"నీకేమన్నా మతి పోయిందా అక్కా!" అంది ఉర్సులా, గొంతు తగ్గించి. "ఇది చూస్తే ఎవరో పోయారని ఊరంతా పసిగట్టదూ? నిన్ను తీసుకుపోతారే!"

"రీగ్లర్‌కు అబద్ధం చెప్పాను. దానికి దేవుడి దగ్గర నేనే తిట్లు తింటాను. మదర్ నోటి ముద్ద మింగెయ్యమంటావా?"

"పోనీ ఆ గుర్తు చెరిపేసి ఇస్తాను."

"గుర్తు లేకపోతే పోయినవాళ్ల కోసం ప్రార్థించాలని తిన్నవాడికెలా తెలుస్తుందే? ఇచ్చెయ్, చెల్లీ. నా మాట విను."

ఉర్సులా ఏడుస్తూనే తీసుకెళ్లి గేటు దగ్గర కూర్చునే కుంటి బిచ్చగాడికి ఇచ్చింది. రోజూ అంతే. వాడు నిజాయితీపరుడు. తిన్న ముద్దకు లోటు చెయ్యకుండా, గొంతెత్తి "పోయిన తల్లికి శాంతి కలుగుగాక" అని ప్రార్థించేవాడు. ఒకరోజు గుర్రం మీద పోతూ రీగ్లర్ అది విని, వాడి చేతిలో సిలువ గుర్తు రొట్టె చూశాడు.

మరునాడు ఉర్సులా రాకముందే బండి వచ్చింది. రీగ్లర్ బయటే నిలబడి, ఇద్దరు ఆడవాళ్లను లోపలికి పంపాడు.

"మా చెల్లెలు ఇప్పుడే వస్తుంది" అంది ఆఫ్రా, లోపల నా దగ్గర ఆగి. "ఎలాగూ బయటికి తెస్తున్నారు కదా, ఒక్కసారి దాని మొహం చూసి బండెక్కుతాను."

"దూరం ప్రయాణం, తల్లీ. పొద్దెక్కిపోతుంది" అన్నాడు రీగ్లర్. టోపీ తీసి, ఎంతో మర్యాదగా అన్నాడు. ఆఫ్రా అరచేతితో నన్ను ఒకసారి నిమిరి వెళ్లిపోయింది.

ఉర్సులా వచ్చి "దేవునికి స్తోత్రం" అంది. జవాబు లేదు. మళ్లీ అంది. చివరికి తనే నన్ను తిప్పింది. రొట్టె లోపలికి వెళ్లి అలాగే ఉండిపోయింది.

మంచు పడకముందే బండివాడు కబురు తెచ్చాడు. ఆఫ్రా ఆ కొత్త మఠంలో ఎవరితోనూ మాట్లాడలేదట. పొద్దున్నే లేచి గోడ దగ్గర నిలబడేదట. అక్కడ నాలాంటిది లేదు. చివరికి జ్వరం వచ్చి కన్నుమూసిందట.

అప్పుడు ఉర్సులా రొట్టె మీద సిలువ గుర్తు గీసి తెచ్చి, నాలో పెట్టి లోపలికి తిప్పింది. నెల తిరిగేదాకా రోజూ తెచ్చింది. అప్పటికి లోపలి గది దొరగారి వేటకుక్కలకు ఇచ్చారని ఆమెకు తెలియదు. నేను తిరిగిన చప్పుడు వినగానే అవి ఎగబడేవి. ఉర్సులా బయట చెవి ఆనించి, తిన్నవాళ్లు చేసే ప్రార్థన కోసం నిలబడేది. నాకు గొంతు లేకపోయెనే అని అప్పుడు కుమిలిపోయాను. కుక్కలు మూతి నాక్కుని పడుకునేవి. ఉర్సులా ఇంకాసేపు నిలబడి కొండ దిగేది.

ఇప్పుడు కోట మ్యూజియం అయింది. టిక్కెట్టు కొన్నవాళ్లు నాకు అటొకరు ఇటొకరు నిలబడి, కేకలు వేసుకుంటూ తిప్పి నవ్వుకుంటారు. నాలో రంగు వేసిన చెక్క రొట్టె ఒకటి పెట్టారు. అందం కోసమట, దాని మీద సిలువ గుర్తు కూడా చెక్కించారు. దాన్ని కుక్కలు కూడా ముట్టవు.