చిరుత కంట్లో కిటికీ

చిరుతను ఎదురుగా చూసి బొమ్మ వేశానని మన చిత్రకారుడు చెప్పని మనిషి లేడు. చెప్పినప్పుడల్లా అది ఇంకో అడుగు దగ్గరికొచ్చేది. ఈమధ్య అతని బూటు వాసన చూసి తుమ్మింది కూడా. అసలు సంగతేమిటంటే, కొండలూ రెల్లుగడ్డీ వెళ్ళి చూసి వేసినవే గానీ, చిరుత మాత్రం మ్యూజియంలో తోలులో పీచు కుక్కి నిలబెట్టినది.

రేపు ప్రదర్శనకు వెళ్ళాల్సిన ఆ బొమ్మకు దుమ్ము దులుపుతూ భార్య కంటి దగ్గర ఆగిపోయింది.

"ఏమయ్యా, అడవిలో కిటికీ ఎవరు పెట్టించారు?"

అతను వంగి చూశాడు. కంటి మెరుపు నాలుగు పలకలుగా ఉంది, మధ్యలో ఊచతో సహా! గాజు కంట్లో మ్యూజియం కిటికీ ఎలా కనబడిందో అలాగే దించేశాడు. అబద్ధం అతని నోటికే గానీ కుంచెకు అలవాటు లేదు.

"మా తమ్ముడు చూశాడంటే ఇక నిన్ను బతకనివ్వడు" అంది ఆవిడ నవ్వుతూ. తమ్ముడు అటవీశాఖలో జీపు డ్రైవరు. బావను ఏడిపించడం అతనికి రెండో ఉద్యోగం.

"వాడి గోల వదిలెయ్యవే. ఇన్నాళ్ళూ ఈ కన్ను బతికుందనుకున్నాను. చచ్చిన కన్నుతో దీన్ని ఎలా పంపను?"

టోపీ పెట్టుకుని కొండ కిందికి వెళ్ళాడు. చిరుతకేం పనీపాటా లేదా, రాలేదు. మేత కోసం వచ్చిన దూడ మాత్రం అతని ముందు నిలబడి నింపాదిగా నెమరు వేసింది. అతను దాని కంట్లోకి చూశాడు. ఆకాశమంతా ఒంపు తిరిగి అందులో ఇమిడిపోయింది. కింద కొండలు. నడుమ గింజంత మనిషి, టోపీతో.

ఇంటికొచ్చి కిటికీని కత్తితో గీకేసి, చూసింది చూసినట్టు వేశాడు.

పొద్దున బొమ్మ తీసుకెళ్ళడానికి వచ్చిన బావమరిది కంటి దగ్గర నోరు తెరిచాడు.

"బావా! దీని కంట్లో ఉంది నువ్వే! నిజంగానే ఎదురుగా కూర్చున్నావన్నమాట. నేనింకా కోతలనుకున్నాను!"

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కాదురా. చిరుతను నేను చూడనే లేదు. అది దూడ కన్ను."

"ఊరుకో బావా! ఇప్పుడొచ్చిందా నీకు సిగ్గు?"

"ఒట్టురా!"

"ఒట్లు కూడానా! అక్కా, బావ మారిపోయాడే."

అతను ఇక వాదించలేదు. "రంగు తడి ఆరలేదు, చెయ్యి తగలనివ్వకు" అన్నాడు. జీపు ఎక్కించేముందు ఇంకొక్కసారి వంగి చూశాడు. చిరుత కంట్లో ఆ గింజంత మనిషి, పలకరిస్తే లేచి వచ్చేలా ఉన్నాడు.