సుంకమ్మ ఇంటి పుట్ట

సుంకమ్మ ఇంట్లో, గింజలు పెట్టుకునే గదిలో, దూలాన్ని మోసే కంబం మొదట్లో ఒకరోజు పిడికెడు ఎర్రమట్టి లేచింది. చెదలు పట్టని మట్టిమిద్దె ఆ చుట్టుపక్కల ఎక్కడుంది గనక? చీపురుతో ఊడ్చి పారేసింది. మర్నాటికి మళ్లీ లేచింది. పారతో గీకేసింది. మళ్లీ లేచింది. దాని మొండితనం చూసి ఆమెకు జంకు పుట్టింది. అక్కడి ఆడవాళ్లెవరైనా ఏం చేస్తారో ఆమె కూడా అదే చేసింది. శుక్రవారం తలకు పోసుకుని, ఆ మట్టికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, నాగమ్మ తల్లీ అని గ్లాసెడు పాలు పోసింది.

అంతటితో నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. ఆ సాయంత్రం వాన పడింది. మొలకలు మాడిపోతున్నాయని ఊరంతా తల పట్టుకుని కూర్చున్న రోజులు అవి. తెల్లారి కొళాయి దగ్గర బిందె పెట్టి, "నేను పాలు పోసినాను, వాన వచ్చింది" అంది సుంకమ్మ. ఏదో గొప్పకు అన్న మాట. ఊరు దాన్ని మనసులో పెట్టుకుంది.

ఏడాది తిరిగేసరికి పుట్ట నడుమెత్తు పెరిగింది. శుక్రవారం వచ్చిందంటే ఆడవాళ్లు చెంబులు పట్టుకుని వాకిట్లో చేరతారు. పాలున్నవాళ్లు పాలు, లేనివాళ్లు నీళ్లు. మనుషులకు నీళ్ల ట్యాంకరు రాని వారం కూడా పుట్టకు తడి తప్పలేదు. చెదలకు ఇంకేం కావాలి? కొత్తల్లుడికి జరిగినట్టు మర్యాదలు జరుగుతుంటే కంబం ఎక్కాయి, కంబం మీదనుంచి దూలం ఎక్కాయి. తలుపు చెక్కను నొక్కితే వేలు లోపలికి దిగింది. కంచం ముందు కూర్చుంటే అన్నంలో పొడి రాలేది. సుంకమ్మ ముద్ద మింగకుండా పైకి చూస్తూ ఉండిపోయేది.

మొగుడు తిప్పన్నతో చెప్పింది.

"పసుపు పెట్టిందెవరు, నేనా?" అన్నాడతను.

తిప్పన్న చెడ్డవాడేం కాదు, భయస్తుడు. ఊరితో గొడవ అంటే అతనికి జ్వరం వచ్చేస్తుంది. ఇక లాభం లేదని సుంకమ్మే విడపనకల్లుకు కబురు పంపి వడ్రంగి కలీముల్లాను పిలిపించింది. ఆ ఊళ్లో సగం తలుపులు ఆయన బిగించినవే. కలీముల్లా నిచ్చెన వేసుకుని దూలాన్ని సుత్తితో తట్టాడు. కుండను తట్టినట్టు మోగింది.

"గుల్లయిపోయిందిమ్మా. పైన బెరడు మాత్రమే ఉండాది. మిద్దె మన్ను ఎండి ఉండాది కాబట్టి నిలబడింది. వానకు నానిందంటే ఆ బరువు మొయ్యలేదు."

"మందు పూస్తే పోదా అన్నా?"

"దూలానికి పూసి ఏం లాభం? తల్లిపురుగు పుట్టలో ఉండాది. ముందు పుట్ట తవ్వి మందు పొయ్యల్ల. ఆనక దూలం మార్చుకోవచ్చు."

"ఆ తవ్వేదేదో నువ్వే తవ్వన్నా. నీకు పుణ్యముంటాది."

కలీముల్లా పుట్ట మీది కుంకుమ వైపు చూసి, సుత్తి సంచిలో వేసుకున్నాడు.

"నన్నడగొద్దు తల్లీ. మీ నాగమ్మ పుట్టను నేను తవ్వినానంటే, రేపు వాన రాకపోతే ఊరు ఎవర్ని అంటాది? ఈ ఊర్లో నాకింకా పని ఉండాది."

ఆ మాటలో కోపం లేదు. వెళ్లేముందు ఒక వేపమొద్దు తెచ్చి దూలం కింద ఊతగా నిలబెట్టాడు. "దుడ్లేమీ వద్దులే" అని, ఆమె ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

సుంకమ్మ తనే విడపనకల్లుకు పోయి చెదల మందు డబ్బా కొని, కొంగు కింద దాచుకుని తెచ్చింది. అందరూ ఎండకు ఇళ్లలో దూరిన మధ్యాహ్నం చూసి, డబ్బా పక్కన పెట్టుకుని గడ్డపార ఎత్తింది. ఎత్తిన చేతులు కిందికి రాలేదు. బయట ఆకాశం తెల్లగా ఉంది. మబ్బుతునక లేదు. విత్తనాల అదును దాటిపోతోంది. ఇదే గదిలో గోడవారన తమ చెనిక్కాయ విత్తనం మూటలు కూడా ఎదురుచూస్తున్నాయి. ఈ పుట్ట చచ్చి, వాన రాకపోతే? ఊరు తిడుతుందన్న భయం ఒకటే అయితే ఎలాగో ఓర్చుకునేది. పాలు పోసిన రోజు ఆమె నిజంగానే నమ్మి పోసింది. ఆ నమ్మకాన్ని గడ్డపారతో పొడవడం ఆమెకు చేతకాలేదు.

అంతలో వాకిట్లో గాజుల చప్పుడు. ఊళ్లో పెద్దామె రామలక్ష్మమ్మ, ఆమె వెనక ఆడవాళ్ల వరుస, అందరి నెత్తినా బిందెలే. సుంకమ్మ డబ్బాను మూటల వెనక్కి తోసేసింది.

"గడ్డపార ఎందుకే?" అంది రామలక్ష్మమ్మ.

"ఎలుకబొక్క ఉంటే తవ్వి పూడ్చుదామని అత్తా."

"ఇంటికో బిందె అమ్మ మీద పోద్దామనుకున్న్యాము. ఆయమ్మ సల్లబడితే వాన దిగుతాది."

"మిద్దె పడేట్టుగా ఉండాది అత్తా. వడ్రంగాయన చూసి చెప్పినాడు. ఇన్ని నీళ్లు ఈడ పోస్తే కంబం నిలబడదు."

"నాగమ్మ ఉండే ఇల్లు పడతాదా? ఏం మాటలే అవి. ఇంటామెవు, మొదటి బిందె నువ్వే పొయ్యల్ల."

బిందె ఆమె చేతికి వచ్చింది. సుంకమ్మ పోసింది. వాన రావాలి తల్లీ అని మొక్కుకుంది. మా మిద్దె మీద పడకుండా రావాలి అని కూడా మొక్కుకుంది. ఊరంతా తడిపి తన ఇల్లొక్కటీ వదిలేసే వాన ఎక్కడా ఉండదని ఆమెకు తెలుసు. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోసి వెళ్లారు. గది అడుసైంది.

రెండు మూడు రోజులకు పొద్దు వాలుతుండగా మబ్బు కమ్మి, కురవనే కురిసింది. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి తడిసింది. సుంకమ్మ, తిప్పన్న మాత్రం విత్తనం మూటలు మోస్తున్నారు, గదిలోంచి రామలక్ష్మమ్మ అరుగు మీదికి. చివరి మూట దించి, బియ్యం డబ్బా కోసం ఆమె వెనక్కి పరుగెత్తబోతే తిప్పన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. లోపల ఏదో ఫెళ్లుమంది. వేపమొద్దు పక్కకు ఒరిగింది. దూలం నడిమికి విరిగి, మిద్దె మన్నంతా ఒక్కసారిగా దిగబడింది.

వాన వెలిశాక ఊరు వచ్చి చూసింది. రెండు గోడలు నిలిచాయి. వాటి మధ్య పుట్ట నిలిచింది. రామలక్ష్మమ్మ చెంపలు వేసుకుంది.

"చూసినారా, ఇంత మిద్దె పడినా అమ్మకు బెడ్డ తగల్లేదు. తలమీద కప్పు వద్దనుకున్న్యాదేమో. చుట్టూ కట్ట కడదాము."

"మేము యాడుండల్ల అత్తా?" అని అడిగింది సుంకమ్మ.

మా అరుగు మీద ఉండండి అన్నారొకరు. బడిలో అడుగుదామన్నారింకొకరు. గంజి తెస్తానని ఒకామె ఇంటికి పరుగెత్తింది. అందరూ మంచిగానే మాట్లాడారు. పుట్ట తవ్వుదామని మాత్రం ఎవరి నోటా రాలేదు, సుంకమ్మ నోటితో సహా.

తెల్లారేసరికి వీధి ఖాళీ. అందరూ విత్తనానికి పోయారు. సుంకమ్మ మన్ను తోడుతూ, సొట్టపోయిన గిన్నెలు ఏరుతోంది. తిప్పన్న ఒక మూట భుజానికెత్తుకుని వచ్చి నిలబడ్డాడు.

"లెయ్. విత్తే గొర్రు దొరికింది. చేన్లో వాన పదును ఆరిపోతాది."

"ఇది ఇట్లే ఇడిసిపెట్టి యాడికి వచ్చేది?"

"ఇల్లు యాడికి పోతాది? పదును నిలబడదు."

"పోయింది గదయ్యా" అంది సుంకమ్మ.

తిప్పన్న భుజం మీది మూట సర్దుకున్నాడు. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. చేతిలో గిన్నె అక్కడే పెట్టి, చేతులకంటిన మన్ను చీరకు తుడుచుకుని, సుంకమ్మ పోయి రామలక్ష్మమ్మ అరుగు మీది ఇంకో మూటను నెత్తికెత్తుకుంది.