నులకమంచం లారీ

కంచాలన్నీ తోమి బోర్లించాక చూసుకుంటే పెద్ద కంచం కనబడలేదు. తాహేరా తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. కంచం మొగుడు మక్సూద్ చేతుల్లో ఉంది. నులకమంచం మీద ఎడమ కొసకు జరిగి కూర్చుని, కంచాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పుతున్నాడు. కుడికాలి మడమతో నేలను తొక్కుతున్నాడు. గేరు మారిన చప్పుడు కూడా నోటితోనే చేస్తున్నాడు. మేళ్లచెరువు నుంచి పట్నం దాకా సిమెంటు లారీని పూలబుట్టలా తీసుకుపోయే మొనగాడు, అన్నం తినే కంచంతో ఆడుకుంటుంటే ఆమెకు నవ్వాగలేదు.

"నవ్వకు. ఆడ స్టీరింగు ఎడమపక్కకుంటదట. జర అలవాటు గావాలె," అన్నాడు.

ఆడ అంటే కువైట్. అక్కడ యుద్ధం ముగిసింది. కాలిపోయిన చమురు బావులను మళ్లీ బాగుచేస్తున్నారని, వాటి దగ్గరికి పైపులు, నీళ్లు మోసే లారీలకు డ్రైవర్లు కావాలని నకిరేకల్ రోడ్డుపక్క హోటళ్లలో అందరి నోటా అదే ముచ్చట. పట్నంలో ఏజెంటు పరీక్ష పెడుతున్నాడంటే మక్సూద్ కూడా పోయివచ్చాడు. బండి తోలమంటే శభాష్ అనిపించుకున్నాడు. రోడ్డు బోర్డులు చూపించి చదవమంటే నోరెళ్లబెట్టాడు. అవి అరబ్బీలో ఉన్నాయి. ఈ మనిషికి తెలుగే రాదు. పాల్వాయి బోర్డునూ పెద్దవూర బోర్డునూ వాటి పక్కనున్న చెట్లను చూసి గుర్తుపట్టే రకం.

తాహేరాకు అరబ్బీ అక్షరాలు వచ్చు. చిన్నప్పుడు తల్లికి తల్లి, నానీ అజీజా బేగం ముందు మోకాళ్లమీద కూర్చుని ఖురాన్ చదవడం నేర్చుకుంది. నానీ ఒక్క అక్షరం తప్పు పలకనిచ్చేది కాదు. అయితే చదవడమే గానీ అర్థం ఎవరూ చెప్పలేదు. ఆడపిల్లకు అర్థాలతో ఏం పని అనుకున్నారో ఏమో, ఆమె కూడా అడగలేదు.

యుద్ధం మొదలుకాగానే ఇంటికొచ్చేసిన మక్సూద్ దోస్తు పీర్ మహమ్మద్, కువైట్‌లో నాలుగేళ్లు బండి తోలినవాడు, బోర్డుల బొమ్మలున్న చిన్న పుస్తకం తెచ్చిచ్చాడు. ఏ బోర్డు దేనికో నోటితో చెప్పాడు. "భాభీకి చదువొస్తది గదా మక్సూద్. ఆమెతోని నేర్చుకో," అన్నాడు.

"దీంతోనా?" అన్నాడు మక్సూద్. తర్వాత ఏజెంటు ముందు నిలబడ్డ సంగతి గుర్తొచ్చిందేమో, "సరె, చూద్దాం తియ్," అన్నాడు.

బిస్కెట్ల అట్టపెట్టె కోసి, బొగ్గు నూరి, తాహేరా ఆ మాటలన్నీ పెద్ద పెద్ద అక్షరాల్లో రాసింది. ఆరబెట్టడానికి నేలమీద పరిచిందో లేదో, అత్త బషీరున్నీసా గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"తోబ, తోబ! గా అచ్చరాలు కింద పెట్టిండ్రే! కాలు తాకితె ఇంకేమన్న ఉన్నదా?" ఒక్కో అట్టముక్కనూ తీసి ముద్దుపెట్టుకుని, కళ్లకద్దుకుని, గోడగూట్లో ఖురాన్ పక్కన పెట్టేసింది.

"అత్తమ్మా, అది డీజిల్ అని రాసింది."

"ఏదైతేంది బిడ్డా. అచ్చరాలు గవే గద."

ఆ ఇంట్లో ఆ రోజు నుంచి కొత్త నియమం మొదలైంది. మక్సూద్ నమాజుకు ముందులా కాళ్లూ చేతులూ కడుక్కుని, వజూ చేసుకున్నాకే మంచమెక్కి లారీ తోలాలి. తాహేరా తలమీద కొంగు నిండుగా కప్పుకుని ఎదురుగా నిలబడి అట్టముక్క ఎత్తి పట్టుకోవాలి. అత్త గోడకానుకుని కూర్చుని, కోడలు ఒక్కో మాట చదవగానే భక్తిగా "ఆమీన్" అనేది. ఖిఫ్, అంటే ఆగు. ఆమీన్. ఖతర్, ప్రమాదం. ఆమీన్. ఖిఫ్ అన్నప్పుడల్లా మక్సూద్ బ్రేకు తొక్కాలి. తొక్కి తొక్కి మంచం ముందు మట్టినేల గుంట పడింది. శుక్రవారం జుమ్మా వచ్చినప్పుడల్లా ఆ గుంట పూడ్చి అలకడం కూడా తాహేరా పనుల్లో కలిసింది.

కానీ ఆ పాఠాలు ఆమెను ఏదో చేశాయి. 'మాఅ' అంటే నీళ్లట. ఆ మాట ఆమె ఎన్ని తెల్లవారుజాముల్లో చదివింది! నీళ్లు నీళ్లని నోటితో అంటూ, అవి నీళ్లని తెలియకుండానే ఇన్నేళ్లు గడిపింది. 'యమీన్' అంటే కుడి. 'యసార్' అంటే ఎడమ. మూసి ఉన్న తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకుంటున్నట్టుండేది. మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ కూర్చుంటే చేతులు వాటంతటవే పనిచేసేవి, తాను మాత్రం అక్కడ ఉండేది కాదు. ఇసుక మధ్యలోంచి నల్లటి రోడ్డు సాగిపోతుండేది. ఆమె ఎడమవైపు కూర్చుని లారీ తోలుతుండేది. పక్కన ఎవరూ ఉండరు. "టీ ఏది?" అని అడిగే గొంతు ఉండదు. దూరంగా బావుల మీద మంటలు దీపాల్లా వెలుగుతుంటాయి. ఎదురొచ్చిన ప్రతి బోర్డూ నానీ గొంతుతో ఆమెను పేరు పెట్టి పిలిచి, ఇటు తిరుగు బేటీ, ఇక్కడ నీళ్లున్నయ్, ఇక్కడ ఆగు, అని చెప్తుంటుంది. ఆమె స్టీరింగు తిప్పితే లోకం మొత్తం మెల్లగా తిరిగేది. ఎంత హాయిగా ఉండేదో! కళ్లు తెరిస్తే ఒళ్లో చింతగింజలు.

ఒకరోజు అన్నం తింటూ మక్సూద్ ఆ మాట అన్నాడు. "నేను పోయినంక నువ్వు ఆత్మకూర్ల అక్క దగ్గరుండు. ఆమెకు మోకాళ్లు లేస్తలేవు. బర్లున్నయ్, పిల్లలున్నరు. ఈ ముందుగది కిరాయికిద్దాం. అమ్మీ ఎన్కగదిల ఉంటది."

"నేను ఈడనే ఉంట," అంది తాహేరా.

"ఈడుండి ఏం జేస్తవ్? పిల్లా జెల్లా లేనిదానివి, నీకేం పనుంటది? ఉత్తగ కూసునే బదులు నలుగురికి అక్కరకొస్తవ్."

పదేళ్లుగా పొయ్యి ఊది, నీళ్లు మోసి, నేల అలికి, ఇప్పుడు మొగుడికి ఓనమాలు దిద్దిస్తున్న మనిషి ఉత్తగా కూర్చుందట! ఆడబిడ్డ ఇల్లు ఆమెకు తెలియనిది కాదు. పెళ్లయిన కొత్తలో ఒక రంజాన్‌కు పోయింది. అక్కడ అందరూ తిన్నాక ఆమె తినాలి, ఆమె పడుకున్న చోట పొద్దున వేరే ఎవరో కూర్చోవాలి. ఖురాన్ తెరిస్తే "పనైనంక సదువుకో రాదా" అంటుంది ఆడబిడ్డ. ఆ పనికి అంతుండదు. ఇతను పరీక్షలో గెలిస్తే ఆమెకు దక్కేది అదే. ఓడిపోతే ఈ గది, ఈ మంచం, ఈ మధ్యాహ్నపు రోడ్డు ఆమెకు మిగులుతాయి. గెలిపించడమా ఓడించడమా అన్నది ఆమె నాలుక మీదే ఉంది.

మర్నాడు పాఠంలో 'యసార్' అట్ట ఎత్తి పట్టుకుని, "యమీన్," అంది తాహేరా.

"ఆమీన్," అంది అత్త.

మక్సూద్ కంచాన్ని కుడికి తిప్పాడు. పూర్తిగా, నమ్మకంగా తిప్పాడు. తాహేరా కళ్లముందు ఆ నల్లరోడ్డు కదిలింది. లారీ రోడ్డు దిగి, ఇసుకలోకి, మంటల వైపు పోతోంది. అందులో ఉన్నది తాను కాదు, కంచం పట్టుకున్న ఈ మనిషి. నానీ ముందు మోకాళ్లమీద కూర్చున్న పిల్ల గొంతులో, "కాదు, తప్పు చదివిన. ఇది యసార్. ఎడమకు తిప్పు," అంది.

మక్సూద్ కంచం పక్కన పడేసి పగలబడి నవ్వాడు. "చూసినవా అమ్మీ? దీనికే రాదు, నాకు నేర్పుతాంది!"

ఆ రోజు నుంచి తాహేరా ఒక్క అక్షరం తప్పలేదు.

మక్సూద్ రెండోసారి పరీక్షకు పోయి నెగ్గాడు. పట్నం నుంచి మిఠాయి డబ్బాతో దిగాడు. పీర్ మహమ్మద్ వచ్చాడు. మక్సూద్‌తో పాటు సిమెంటు లారీలు తోలే సోమన్న, ఇస్రాయేలు కూడా వచ్చారు. తాహేరా వంటింట్లో అందరికీ టీ కాస్తోంది.

"అరబ్బీ ఎట్ల వట్టినవ్ భాయ్? నేను పోతె గా బోర్డుల కాడనే ఎల్లగొట్టిండ్రు," అంటున్నాడు సోమన్న.

"మనసు వెడితె ఎంతసేపు తమ్మీ? నాయంతట నేనే నేర్చుకున్న."

"మాక్కూడ చెప్పరాదే," అన్నాడు ఇస్రాయేలు.

"నాకాడ టైమేడున్నది? ఎల్లుండి బొంబాయి పోవాలె."

పీర్ మహమ్మద్ వంటింటి పరదా వైపు చూశాడు. టీ పొంగింది. తాహేరా దించలేదు. పొంగి, పొయ్యిలో పడి, బుస్సుమని ఆవిరైంది. కోపం వచ్చింది ఆమెకు, నిజమైన కోపం. అందులోనే ఏదో తేలికదనం కూడా ఉంది. నేర్పింది తానే గదా, ఇతనికి నేర్పగలిగితే ఎవరికైనా నేర్పగలదు గదా! ఇంత చిన్న మాట ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదు? సాయంత్రం పక్కింటి బిక్షమ్మ బిందెతో నీళ్లకు పోతుంటే ఆపి, సోమన్న ఇంట్లో చెప్పమని ఒక మాట చెప్పింది.

బొంబాయి ప్రయాణానికి ముందురోజు, మక్సూద్ ఆమెను ఆత్మకూర్‌లో దింపి వస్తానని బయలుదేరదీశాడు. నకిరేకల్ బస్టాండులో ఆత్మకూర్ బస్సు గుర్రుమంటూ నిలబడి ఉంది. సాగనంపడానికి అత్త కూడా వచ్చింది. మక్సూద్ తాహేరా పెట్టెను భుజానికెత్తుకుని, బస్సు మెట్టు మీద కాలు పెట్టడానికి కుడిపాదం లేపాడు.

"ఖిఫ్," అంది తాహేరా.

పాఠం చెప్పేటప్పటి గొంతే. గట్టిగా కాదు, స్పష్టంగా. మక్సూద్ కుడిపాదం దానంతటదే కిందికి దిగి నేలను గట్టిగా తొక్కింది.

"ఆమీన్," అంది వెనక నుంచి బషీరున్నీసా, అలవాటు కొద్దీ. అన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మక్సూద్ తన పాదం వైపే చూస్తూ నిలబడ్డాడు. "ఎక్కుతరా, లేదా?" కండక్టరు అరుస్తున్నాడు.

"ఎక్కం," అంది తాహేరా. "నేను ఆత్మకూర్ పోను. ముందుగది కిరాయికియ్యను, నాకు గావాలె. రేపటిసంది సోమన్న, ఇస్రాయేలు పాఠానికొస్తరు. నేనే కబురు పెట్టిన."

బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. మక్సూద్ గొంతు తగ్గించాడు. "ఏందే గిది? అందరు చూస్తాండ్రు."

తాహేరా అతని భుజం మీంచి పెట్టె దించి చంకన పెట్టుకుంది.

"చూడనియ్యి. వాళ్లకు ఖిఫ్ బోర్డు చదువరాదు. నీకొస్తది, నేనే గద నేర్పింది."